జీవాలా, సొమ్ములా?

(న్యాయశాస్త్ర విద్యార్థుల సమావేశంలో ఒక రిటైర్డ్ పశువైద్యుడు చేసిన ప్రసంగం. చివర్లో ప్రశ్నోత్తరాలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. ఎత్తారంటే వినపడినట్టే కాబట్టి మొదలుపెట్టేస్తాను.

నేను లాయర్ని కాదు. ముప్పై రెండేళ్లు పశువుల ఆసుపత్రుల్లో పనిచేశాను. కోర్టు మెట్లెక్కిందల్లా సాక్షిగానే, అదీ పోస్టుమార్టం రిపోర్టు మీద సంతకం నాదేనని చెప్పడానికి. మీ మేడమ్ గారు ఫోన్ చేసి, మనిషికీ మిగతా జంతువులకూ మధ్య నీతి ఎక్కడ గీత గీస్తుంది, చట్టం ఎక్కడ గీస్తుంది అనే విషయం మీద మాట్లాడమన్నారు. "అమ్మా, అది మీ పుస్తకాల్లో ఉంటుంది కదా" అన్నాను. "పుస్తకంలో ఉన్నది మేం చెప్తాం, మీరు కొట్టంలో చూసింది చెప్పండి" అన్నారు. అందుకని రెండు కోళ్లను తీసుకొచ్చాను. భయపడకండి, కథల్లోనే.

మొదటి కోడి. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా గొల్లపల్లి మండలం లొత్తునూరులో పందెం కోసం ఒక పుంజు కాలికి కత్తి కట్టారు. పుంజు గింజుకుంది. కత్తి పట్టుకున్న మనిషికే గజ్జల దగ్గర దిగింది. ఆసుపత్రికి చేర్చేలోపే రక్తం పోయి ఆయన చనిపోయాడు. పోలీసులు పుంజును స్టేషన్‌కి తెచ్చి, కాలికి తాడు కట్టి, గింజలు వేసి కాపలా కాశారు. 'కోడి అరెస్ట్' అని ఆ వార్త దేశమంతా తిరిగింది. చివరికి పోలీసులే, బాబూ మేం దాన్ని అరెస్టు చెయ్యలేదు, కోర్టులో చూపించాల్సి వస్తే ఉండాలని జాగ్రత్త చేశాం, అని చెప్పుకోవాల్సి వచ్చింది. తర్వాత దాన్ని ఒక కోళ్లఫారానికి పంపారు.

రెండో కోడి. 2024 సంక్రాంతి ముందు ఎవరో ఒక పందెం కోడిని సంచిలో పెట్టి ఆర్టీసీ బస్సులో మర్చిపోయి దిగిపోయారు. కరీంనగర్ డిపో వాళ్లు దాన్ని పంజరంలో పెట్టి మేపారు. ఎవరూ రాకపోయేసరికి వేలం వేస్తామని ప్రకటన ఇచ్చారు. గొడుగు మర్చిపోతే ఏం చేస్తారో అదే. వార్త పాకాక ఆ వేలం ఆగిపోయింది.

ఇప్పుడు మీరు చెప్పండి, చట్టం కళ్లకి ఈ కోళ్లు ఎవరు? (సభలోంచి: "ముద్దాయి!" నవ్వులు.) ముద్దాయి. ఇంకా? (సభలోంచి: "సాక్షి." "ఆయుధం." "ప్రాపర్టీ.") బాగుంది. ముద్దాయి, సాక్షి, ఆయుధం, ప్రాపర్టీ. నాలుగు మాటలొచ్చాయి. ఐదో మాట ఒకటుంది, బాధితుడు. కాలికి కత్తి కట్టించుకుని బరిలోకి దిగబోయిన ప్రాణి అది. ఆ మాట మీలో ఒక్కరికీ తట్టలేదు. తప్పు మీది కాదు. చట్టానికే ఆ మాట కష్టం మీద తడుతుంది.

మన భాషలోనే ఈ తగువు ఉంది. రాయలసీమలో, తెలంగాణలో గొర్రెల కాపరిని అడగండి. "గొర్రెలెన్ని?" అని అడిగితే "జీవాలు నలభై ఉన్నాయి సార్" అంటాడు. గొర్రెలూ మేకలూ కలిపి జీవాలు. అంటే ప్రాణాలు. ఇంకొన్ని చోట్ల పశువుల్ని 'సొమ్ములు' అంటారు. సొమ్ములు తోలుకొచ్చాడా, సొమ్ములకు మేతేశాడా అని. సొమ్మంటే డబ్బు, సొమ్మంటే ఆస్తి. ఒకే గొడ్డును ఒకడు ప్రాణమంటాడు, ఒకడు ఆస్తి అంటాడు. రెండు మాటలూ అబద్ధం కాదు. రైతుకు అది రెండూను. కానీ చట్టం దగ్గరికొచ్చేసరికి ఏదో ఒక పుస్తకంలో ఏదో ఒక పేజీలో రాయాలి కదా. ఏ పేజీలో రాశారో చూద్దాం.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం రెండో సెక్షన్‌లో జంతువంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పేశారు. మనిషి కాని ఏ జీవి అయినా జంతువే. అంతే. చీమ నుంచి ఏనుగు దాకా అటు, మనం ఇటు. మనిషికీ చింపాంజీకీ ఉన్న దూరం కంటే చింపాంజీకీ చీమకూ ఉన్న దూరం ఎంత ఎక్కువో జువాలజీ చదివిన వాడెవడైనా చెప్తాడు. చట్టానికి ఆ లెక్క పట్టదు.

ఇక నేరాల పుస్తకం. పాత ఐపీసీలో 428, 429 సెక్షన్లు ఉండేవి. పది రూపాయలు, ఆపై విలువ చేసే జంతువును చంపినా అవిటిదాన్ని చేసినా ఒక శిక్ష. ఏనుగు, ఒంటె, గుర్రం, ఎద్దు లాంటి పేర్లు చెప్పినవాటికి, లేదా యాభై రూపాయలు విలువ చేసే వేరే జంతువుకు ఇంకో శిక్ష. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 325వ సెక్షన్ ఆ రూపాయల లెక్క తీసేసి, ఏ జంతువునైనా అంది, ఐదేళ్ల దాకా జైలు అంది. మంచిదే. కానీ ఆ సెక్షన్ ఏ వరసలో ఉందో చూడండి. మిస్చీఫ్ పక్కన. అంటే ఎదుటివాడి ఆస్తికి నష్టం చేయడం. గేదె కాలు నరికినవాడు గేదెకు కాదు, గేదె యజమానికి అన్యాయం చేసినట్టు. సొమ్ముల పేజీ అన్నమాట. ఇంకో మార్పు కూడా జరిగింది. పాత 377వ సెక్షన్‌లో జంతువుల మీద లైంగిక దాడి నేరంగా ఉండేది. కొత్త సంహితలో ఆ సెక్షన్ మొత్తం ఎగిరిపోయింది, దానితో పాటు ఇదీ పోయింది. దీన్ని ఉంచమని పార్లమెంటరీ కమిటీ చెప్పింది కూడా. అలాంటి కేసుల్లో దూడను పరీక్ష చేసి సర్టిఫికెట్ రాసిన చేతులివి. దాని గురించి ఇంతకంటే చెప్పబుద్ధి కావడం లేదు.

మళ్లీ 1960 చట్టానికి వస్తాను, ఎందుకంటే అది నిజానికి మంచి మనసుతో పుట్టిన చట్టం. రుక్మిణీదేవి అరండేల్, అవును, కళాక్షేత్ర నాట్యపాఠశాల పెట్టిన రుక్మిణీదేవే, రాజ్యసభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. మేమే తెస్తామని నెహ్రూ మాటిచ్చాక ఆవిడ దాన్ని ఉపసంహరించుకున్నారు. అలా వచ్చిన చట్టంలో పదకొండో సెక్షన్ చదవండి. కొట్టడం, తన్నడం, మోయలేనంత బరువు వేయడం, గాయమున్న పశువుతో పని చేయించడం, కదలలేనంత ఇరుకు పంజరంలో పెట్టడం, వినోదం కోసం ఒకదాని మీదికి ఒకదాన్ని ఉసిగొల్పడం, అన్నీ నేరాలే. చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లుతాయి. తర్వాత శిక్ష దగ్గరికి రండి. మొదటిసారి తప్పు చేస్తే పది రూపాయలకు తగ్గకుండా, యాభై రూపాయలకు మించకుండా జరిమానా. మళ్లీ చెప్తున్నాను, యాభై. ఈ సెంటర్లో టీ, సమోసా తిని లేస్తే అంతే అవుతుంది. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే ఇరవై ఐదు నుంచి వంద రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. 2022లో దీన్ని పెంచుతూ ఒక ముసాయిదా వచ్చింది. అది ముసాయిదాగానే ఉంది.

శిక్ష సంగతి అందరూ చెప్తారు. నేను చెప్పదలచుకున్నది వేరే. ఆ చట్టంలో ఒక చిన్న మాట ఉంది. 'అనవసరమైన' నొప్పి, బాధ కలిగించకూడదు అని. అనవసరమైన. నా ముప్పై రెండేళ్ల ఉద్యోగమంతా ఆ ఒక్క మాట లోపలే నడిచింది. మనిషికీ జంతువుకూ మధ్య గీత తెలివి దగ్గర లేదు, మాట దగ్గర లేదు, ఆత్మ దగ్గర అంతకన్నా లేదు. అవసరం దగ్గర ఉంది. ఎవరి అవసరం? మనది. జంతువు అవసరం ఏమిటని ఎవరూ అడగరు.

ఎలాగో చెప్తాను. కోడెదూడను ఎద్దు చేయాలంటే విత్తులు కొట్టాలి. పూర్వం ఊళ్లల్లో కర్రల మధ్య పెట్టి నలగ్గొట్టేవాళ్లు. మేం వచ్చాక బర్డిజో వచ్చింది. పెద్ద పటకారు లాంటి ఇనుప పనిముట్టు. దూడకు తాడు చుట్టి పక్కకు పడేస్తారు. ఒకడు తల మీద కూర్చుంటాడు, ఇద్దరు కాళ్లు బిగించి పట్టుకుంటారు. నేను సంచి పైభాగంలో వేళ్లతో తడిమి, లోపలి నరాన్ని పక్కకు జరిపి, బర్డిజో దవడల మధ్య పెట్టి నొక్కుతాను. 'టక్' మని వినిపిస్తుంది. దూడ అరవదు. అదే చిత్రం. ఊపిరి బిగపడుతుంది, కళ్లు తెల్లబడతాయి, నాలుక పక్కకు వస్తుంది, అంతే. రెండో వైపు మళ్లీ 'టక్'. చర్మం తెగదు, చుక్క రక్తం రాదు. క్యాంపు పెడితే ఒక పూటలో ముప్పై దూడలు. మధ్యాహ్నానికి సర్పంచ్ గారింట్లో భోజనం.

మత్తు ఇంజెక్షన్ ఇచ్చానా? లేదు. లేక కాదు. అదే బ్యాగులో లిగ్నోకైన్ సీసా ఉండేది. కుట్లు వేసేటప్పుడు వాడేవాణ్ని. రక్తం రాలేదు కదా, నొప్పి లేదనుకున్నాను. నిజం చెప్పాలంటే, అనుకోవడం కూడా చెయ్యలేదు. ఆలోచన రాలేదు. చట్టం కూడా నన్ను అడగలేదు. పదకొండో సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం, వాత పెట్టడం, ముకుతాడు వేయడం 'నిర్ణీత పద్ధతిలో' చేస్తే క్రూరత్వం కాదని. మరి ఆ నిర్ణీత పద్ధతి ఎప్పుడు నిర్ణయించారో తెలుసా? 2023లో. మత్తు ఇవ్వాలి, రిజిస్టరైన పశువైద్యుడే చెయ్యాలి అని రూల్స్ రాశారు. 1960 నుంచి 2023. అరవై మూడేళ్లు నిర్ణయించని పద్ధతిలో మేం చేసుకుంటూ పోయాం. నేను అప్పటికి రిటైరైపోయాను. రూల్స్ పేపర్లో చదివిన రోజు బర్డిజో 'టక్' శబ్దం చెవిలో వినిపించింది. ఇంట్లో వాళ్లకి చెప్తే నవ్వారు.

అవసరం సంగతి ఇంకా ఉంది. ట్రాక్టర్ వచ్చింది. ఎద్దు అవసరం పోయింది. పోతే ఏమైంది, ఎద్దుకు విడుదల దొరికిందా? కోడెదూడ పుట్టగానే పాలు తాగనివ్వకుండా ఎండగట్టడం మొదలైంది. గాడిదల్ని చూడండి. బట్టల మూటలు మోసింది, ఇటుకలు మోసింది, ఉప్పు మోసింది. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద లక్షా ఇరవై వేలే తేలాయి. 2012తో పోలిస్తే అరవై శాతానికి పైగా తగ్గిపోయాయి. మోత పని పోయాక మాంసం పని వచ్చింది. తినే జంతువుల జాబితాలో గాడిద లేదు, అయినా మన కోస్తాలో కొన్ని జిల్లాల్లో బహిరంగంగానే అమ్మారు. పరిగెత్తే బలం వస్తుందట. మనకి పని లేనప్పుడు జంతువు స్వేచ్ఛగా బతకదు. ఇంకో పనికి వెళ్తుంది.

అదే సమయంలో మన రూల్స్ ఎంత దయగలవో చూడండి. బరువులు లాగే పశువుల గురించి 1965లో రూల్స్ వచ్చాయి. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు. ఏకబిగిన ఐదు గంటలు దాటకూడదు. 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బండి కట్టకూడదు. ముల్లుగర్ర వాడకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 37 దాటని మధ్యాహ్నం ఎన్ని ఉంటాయి? ఈ లెక్కన ఎండాకాలమంతా ఎద్దులకు భోజన విరామం. బండి తోలేవాడికి ఎవరు ఇచ్చారండీ తొమ్మిది గంటల రూలు? ఇసుక బండి మీద ఎద్దూ మనిషీ ఒకే ఎండలో మాడతారు. నేను ఒకసారి ఒకాయన్ని ఆపి, ఎద్దు మెడ మీద పుండు చూపించి కోప్పడ్డాను. ఆయన ఏమీ అనలేదు. తువ్వాలు తీసి తన భుజం చూపించాడు. అక్కడా ఒక పుండుంది. రెండింటికీ అదే పసుపు ఆయింట్‌మెంట్ రాసి పంపించాను. పశువుల మందు మనిషికి రాయకూడదు, అది వేరే తప్పు.

ఇప్పుడు మీరు బాగా ఇష్టపడే విషయానికి వద్దాం. జంతువును 'వ్యక్తి' అని ప్రకటిస్తే సరిపోతుంది కదా, అని. చట్టంలో వ్యక్తి అంటే మనిషే కానక్కర్లేదని మీకు తెలుసు. కంపెనీ వ్యక్తి. గుళ్లో దేవుడు వ్యక్తి. 1925లో ప్రీవీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ కాలంలో మన ఆఖరి అప్పీలు కోర్టు, ప్రమథనాథ్ మల్లిక్ కేసులో, కలకత్తాలో ఒక కుటుంబం ఇంటి దేవుణ్ని ఎక్కడ ఉంచాలని తగువు పడితే, దేవుడి ఇష్టం కూడా వినాలి, దేవుడి తరఫున మాట్లాడటానికి ఈ తగువుతో సంబంధం లేని మనిషిని పెట్టండి అంది. రాతి విగ్రహానికి తన తరఫున మాట్లాడే మనిషి ఉన్నాడు. నొప్పి పుడితే ఒళ్లు విరుచుకునే ఏనుగుకు లేడు. ఈ మాట ఎవరు చెప్పినా సభలో చప్పట్లు పడతాయి. (చప్పట్లు.) చూశారా.

న్యూయార్క్‌లో హ్యాపీ అనే ఏనుగు సంగతి చూడండి. 1970ల మొదట్లో పిల్లగా ఉన్నప్పుడు ఆసియా నుంచి పట్టుకెళ్లారు. 2005లో బ్రాంక్స్ జూలో దాని ముందు పెద్ద అద్దం పెట్టి, నుదుటి మీద తెల్లగా ఇంటూ మార్కు వేశారు. అది అద్దంలో చూసుకుని తొండంతో తన నుదుటి మీద ఆ మార్కునే పదేపదే తడుముకుంది. అద్దంలో ఉన్నది తానేనని తెలిసిందన్నమాట. ఆ తర్వాత కొన్నేళ్లకు దాని తరఫున హెబియస్ కార్పస్ వేశారు. అక్రమ నిర్బంధంలో ఉన్న మనిషి కోసం మీరు వేసేదే. 2022 జూన్‌లో ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టు ఐదుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా తేల్చి, హెబియస్ కార్పస్ మనుషులకే అంది. అర్జెంటీనాలో మాత్రం 2016లో మెండోజా జూలో ఒంటరిగా ఉన్న సెసీలియా అనే చింపాంజీకి అదే రిట్ ఇచ్చారు. మరుసటి ఏడాది అది బ్రెజిల్‌లోని సంరక్షణ కేంద్రానికి చేరింది.

మన దగ్గర 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు అందర్నీ దాటేసింది. నేపాల్ సరిహద్దులో టాంగా గుర్రాల బాధల మీద వేసిన పిటిషన్ అది. పక్షులు, నీళ్లలో బతికేవి సహా జంతులోకం మొత్తానికీ చట్టం ముందు వ్యక్తిత్వం ఉంది, జీవించి ఉన్న మనిషికి ఉన్న హక్కులు, విధులు, బాధ్యతలు ఉన్నాయి, రాష్ట్ర పౌరులంతా వాటికి తల్లిదండ్రుల స్థానంలో ఉన్నారు అంది. విధులు, బాధ్యతలు కూడా! అంటే లొత్తునూరు పుంజు నైనిటాల్‌లో ఉండి ఉంటే నిజంగానే దాని మీద కేసు పెట్టొచ్చా? (నవ్వులు.) నవ్వకండి, పద్నాలుగో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఫలేజ్ అనే ఊళ్లో పసిబిడ్డను చంపిందని పందిని విచారించి ఉరి తీశారు. వ్యక్తి అన్న బిరుదు ఇస్తే దానితో పాటు వచ్చేది అదీను.

నా మాట చెప్తాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు. నాకు ఈ వ్యక్తిత్వం తీర్పుల మీద పెద్ద ఆశ లేదు. ఒక రాత్రి రెండింటికి పోలీసులు ఫోన్ చేశారు. లారీ పట్టుకున్నాం, రండి అని. పన్నెండు పట్టాల్సిన చోట ముప్పై ఒక్క గేదెలు. దించేసరికి నాలుగు చచ్చి ఉన్నాయి, కింద పడినవాటిని మిగతావి తొక్కేశాయి. బతికినవాటిని ఎక్కడ పెట్టాలి? స్టేషన్ ఆవరణలో కట్టారు. నీళ్లకు ఒకటే కుళాయి. గడ్డికి బిల్లు ఎవరిస్తారో తేలలేదు. గోశాల వాళ్లు ఆవులైతే తీసుకుంటాం, గేదెలు వద్దన్నారు. ఐదో రోజు ఇంకో రెండు పోయాయి. క్రూరత్వం నుంచి కాపాడి తెచ్చిన తర్వాత, మన కాపలాలో, ఆకలితో. ఇలాంటివాటి కోసం కేంద్రం 2017లో రూల్స్ చేసింది, నిందితుడి దగ్గర మేత ఖర్చు వసూలు చేయాలని. ఆ రూల్స్ పేరు వినండి, 'కేసు ప్రాపర్టీ జంతువుల సంరక్షణ' రూల్స్. కాపాడటానికి చేసిన రూల్స్ పేరులోనే అది ప్రాపర్టీ. ఆ రాత్రి ఆ గేదెల్ని ఎవరైనా వ్యక్తులని ప్రకటించి ఉంటే ఏం మారేది? రెండు ట్యాంకర్ల నీళ్లు కావాలి, ఒక షెడ్డు కావాలి. అంతే కావాలి.

జల్లికట్టు సంగతి మీకు పాఠమే కాబట్టి తొందరగా చెప్పేస్తాను. 2014లో జల్లికట్టును ఆపేసిన నాగరాజ తీర్పులో సుప్రీంకోర్టు, రాజ్యాంగం 21వ అధికరణంలోని 'జీవితం' అన్న మాటలోకి జంతువు జీవితం కూడా వస్తుందన్నంత దూరం వెళ్లింది. 2023లో ఐదుగురు జడ్జిల ధర్మాసనం, జంతువులకు ప్రాథమిక హక్కులున్నాయని చెప్పడానికి ముందు తీర్పులేవీ లేవు, అది చట్టసభల పని అని, జల్లికట్టుకు దారిచ్చిన తమిళనాడు చట్ట సవరణను నిలబెట్టింది. మన చంద్రగిరి దగ్గర రంగంపేటలో పశువుల పండగ చూసినవాళ్లు మీలో ఉంటే రెండు తీర్పుల్లోనూ కొంత నిజం కనపడుతుంది. ఆ కోడెను ఏడాదంతా బిడ్డలా పెంచేదీ వాళ్లే, ఆ రోజు జనం మధ్యకు తోలేదీ వాళ్లే. సంక్రాంతి కోళ్ల సంగతి వేరు. అక్కడ ప్రేమ గురించి నాతో వాదించకండి. జీడిపప్పు, బాదంపప్పు పెట్టి పెంచుతారు, నిజమే. పెంచింది కత్తి కట్టడానికి. పిల్లికి చెలగాటం అన్న సామెత సగమే చెప్తాను, మిగతాది మీకు తెలుసు.

ఒక విషయం చెప్పకుండా దాటితే తప్పవుతుంది. విదేశాల్లో జంతువుల హక్కులు వాదించేవాళ్లు బానిసత్వంతో పోలుస్తారు. నల్లవాళ్లకు స్వేచ్ఛ ఇచ్చాం, ఇప్పుడు జంతువుల వంతు అని. మన దేశంలో ఆ మాట ఎత్తేముందు కాస్త ఆగాలి. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహద్‌లో అంబేడ్కర్ గారు చవదార్ చెరువు నీళ్లు దోసిట్లో పట్టి తాగారు. ఆ చెరువులో పశువులు తాగేవి. అంటరానివాళ్లు అని పిలిచే మనుషులు తాగకూడదు. అంటే గీత మనిషికీ జంతువుకూ మధ్య లేదు, మనుషుల మధ్యే ఉంది, జంతువు గీతకు ఇవతల ఉంది. 2016లో గుజరాత్‌లో ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకుల్ని బట్టలూడదీసి కొట్టారు. చచ్చిన జంతువుకు ఉన్న గౌరవం బతికున్న మనిషికి లేదు. నా డ్యూటీలో చచ్చిన గొడ్డును తీసుకెళ్లడానికి పిలిచేది ఎవర్ని? ఊరి చివర ఉండేవాళ్లనే. పోస్టుమార్టానికి పొట్ట కోసేది నేనైనా, నా పక్కన నిలబడి కాళ్లు పట్టుకుని, పేగులు కడిగి చూపించింది వాళ్లే. నేను చేతులు కడుక్కుంటే రైతు ఇంట్లోకి పిలిచి కాఫీ ఇచ్చేవాడు. వాళ్లకి వాకిట్లో. నేనూ ఆ కాఫీ తాగాను. జంతువు వైపు గీతను జరుపుతున్నామని సంబరపడేటప్పుడు ఇటువైపు ఎవర్ని తోసేస్తున్నామో చూసుకోవాలి. జంతువు పేరుతో మనిషిని కొట్టేవాడు జంతువును కూడా ప్రేమించడు, ఆ లారీలో గేదెలుంటే పట్టించుకోడు. నా అనుభవం అది.

టైమ్ చూపిస్తున్నారు. సరే, ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, హైదరాబాద్ అంబర్‌పేటలో 2023లో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపేశాయి. ఆ వీడియో చూసినవాళ్లం ఎవరం నిద్రపోలేదు. అప్పుడు కూడా కుక్కలకు హక్కులున్నాయంటారా?)

అమ్మా, ఆ వీడియో నేను పూర్తిగా చూడలేకపోయాను. ఆ తండ్రి ముందు నిలబడి కుక్క హక్కులు మాట్లాడే ధైర్యం నాకు లేదు, మాట్లాడను కూడా. కుక్కలకు ఆపరేషన్లు చేసినవాడిగా మాత్రం చెప్తాను. రూలు ఏమిటంటే పట్టుకో, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చెయ్యి, రేబీస్ టీకా వెయ్యి, ఎక్కడ పట్టుకున్నావో అక్కడే వదులు. ఒక ప్రాంతంలో డెబ్బై శాతం కుక్కలకు కొద్దికాలంలోనే చేసేస్తే సంఖ్య అదుపులోకొస్తుంది. ఏడాదికి పది శాతం చేస్తూ పోతే ఇరవై ఏళ్లు చేసినా అంతే ఉంటుంది, ఈలోపు కొత్తవి పుడుతూనే ఉంటాయి. మనం చేస్తున్నది రెండోది. చికెన్ షాపు వ్యర్థాలు వీధి చివర పారేస్తారు, అక్కడ గుంపు తయారవుతుంది, గుంపులో కుక్క వేరే జంతువు. ఒంటరిగా ఉన్నప్పుడు తోకాడించేదే గుంపులో మీద పడుతుంది. కరిచే కుక్కను, పిచ్చిపట్టిన కుక్కను విడిగా ఉంచాలని రూల్స్‌లోనే ఉంది. మనిషి ప్రాణమా, కుక్క ప్రాణమా అని అడిగితే మనిషి ప్రాణమే. ఆ ప్రశ్న దాకా రాకుండా చేసే పని మున్సిపాలిటీది, కొంత నాలాంటివాళ్లది. ఆ పని జరగలేదు. అందుకు కుక్కనూ బాబునూ తూకం వేసుకోవాల్సి వస్తోంది.

(ఒక విద్యార్థి: సార్, పర్సనల్ ప్రశ్న. మీరు నాన్‌వెజ్ తింటారా?)

(నవ్వులు.) ఇది వస్తుందని తెలుసు. తింటానయ్యా. నా ఉద్యోగంలో కబేళా పరీక్ష కూడా ఉండేది, మాంసం మీద ముద్ర వేసిన చెయ్యే ఇది. ఇంకో సంగతి కూడా అడక్కుండానే చెప్పేస్తాను. మొన్న ఆదివారం మార్కెట్‌కి వెళ్లాను. ఎదురుగా ఒకడు టీవీఎస్ హ్యాండిల్‌కి రెండువైపులా కోళ్లను కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడదీసి తెచ్చాడు. గతుకుల్లో వాటి తలలు ముందు చక్రానికి తగులుతున్నాయేమో అన్నంత దగ్గరగా ఊగుతున్నాయి. పదకొండో సెక్షన్‌లో 'డి' క్లాజు, నొప్పి కలిగేలా జంతువును తరలించడం. మీరు చదివిందే. నేను బండి ఆపించానా? లేదు. షాపతను నన్ను చూసి, "డాక్టరు గారూ, ఎంత కావాలి?" అన్నాడు. నేను "కేజీన్నర, స్కిన్‌లెస్" అన్నాను. ఇంటికి వచ్చాక మీ మేడమ్ గారి ఫోన్ వచ్చింది.

ఇంకో ప్రశ్న? అక్కడ, ఆ నీలం చొక్కా అబ్బాయి.